బటన్లకు బారసాల

ప్రతి నెలా పదో తారీకు దాటగానే మా మేనమామగారి దగ్గరనుంచి నాకు ఫోను వచ్చేది. "ఒరే అబ్బాయ్, కరెంటు బిల్లు వచ్చిందిట. కాస్త కట్టిపెడతావా?" అనేవారు. అడిగిన పని చిన్నదే. కాని ఆ మాట అనడానికి ఆయన ఎంత నలిగిపోయేవారో ఆ గొంతు వింటున్న నాకు తెలుసు. జీవితమంతా ఒకరిచేత గ్లాసుడు మంచినీళ్లయినా అడిగి తెప్పించుకొని ఎరగని మనిషి ఆయన.

మామయ్య సినిమా మనిషి. తెరమీద పెద్ద అక్షరాలతో పేరు పడినవారు కారు. మద్రాసులో ఎడిటింగ్ గదిలో సహాయకుడిగా చేరి, ఫిల్ము ముక్కలు కత్తిరించి అతికించి, తెలుగు చిత్రపరిశ్రమ హైదరాబాదుకు తరలివస్తే దానితోపాటు తామూ తరలివచ్చి, ఫిలింనగర్ దిగువన రెండు గదుల వాటాలో కాపురం పెట్టినవారు. ఏ సీనులో ఎక్కడ కత్తెర పడాలో కంటితో చూసి చెప్పే ఆ మనిషికి అరవై దాటాక నీటికాసుల జబ్బు వచ్చింది. ఈ జబ్బుకు సాధారణంగా నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు. చూపును చాలామందిలో అంచులనుంచి తినుకొంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. వైద్యులు మిగిలినదాన్ని నిలబెట్టగలరు, అంతే. మామయ్య తెలుసుకొనేసరికి మిగిలింది వెలుతురూ చీకటీ తేడా మాత్రమే. ఆ తరువాత అత్తయ్య కూడా పోయింది.

కరెంటు బిల్లంటే నేను కట్టగలను. మందుల షాపుకో, పాలవాడికో, ఆటో అబ్బాయికో డబ్బు ఇవ్వవలసివస్తే ఎవరు కడతారు? పక్కవాటా కుర్రవాడు ఫోను పట్టుకొనేవాడు. మామయ్య తమ రహస్య సంఖ్యను షాపు ముందు నిలబడి పైకి చెప్పేవారు. ఆ కుర్రవాడు యోగ్యుడే. అయినా ఇనప్పెట్టె తాళంచెవి వీధి గుమ్మానికి తగిలించి పడుకోవడం ఎవరికి నిద్రపట్టే పని?

ఫోను మాట్లాడుతుంది

చూపులేనివారికి ఫోనెందుకు అని కొందరు పాఠకులు అనుకోవచ్చును. నేనూ ఒకప్పుడు అలాగే అనుకొన్నాను. నా అజ్ఞానం పోగొట్టిన చోటు జూబిలీ హిల్సుకు కూతవేటు దూరంలోనే ఉన్నది.

ఫిలింనగర్ కొండ దిగి, చెక్ పోస్టు దాటి, కె.బి.ఆర్. పార్కు పక్కగా బంజారా హిల్సు వైపు వస్తే ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ కనిపిస్తుంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ, తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లోనూ చిన్న వేషాలు వేసి, తరువాత 'మిస్సమ్మ' వంటి చిత్రాలకు దర్శకత్వం వహించి, 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకొన్న ఆ ప్రసాదుగారే ఈయన. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు ఈ సంస్థను తలపెట్టినప్పుడు ప్రసాదుగారి కుటుంబం 5 ఎకరాల స్థలమూ, కోటి రూపాయల విరాళమూ ఇచ్చింది. 1987లో ఆసుపత్రి తెరిచారు. కంటికి విందు చేయడమే వృత్తిగా బతికిన మనిషి పేరు కంటికి వైద్యం చేసే ఇంటికి పెట్టడం ఎంత సబబుగా ఉన్నదో చూడండి!

అక్కడ వైద్యం చేసి ఊరుకోరు. చూపు తిరిగి రానివారికి కర్ర పట్టుకొని నడవడం, కంప్యూటరు వాడటం వంటివి నేర్పే పునరావాస విభాగమున్నది. మామయ్యకు ఫోనుతో మళ్లీ పరిచయం కలిగింది అలాంటి శిక్షణవల్లనే.

ఆ కిటుకు ఇది. ఇప్పటి స్మార్ట్‌ఫోనులలో చాలావాటిలో తెర మీదిదాన్ని చదివి వినిపించే ఏర్పాటు ముందే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులలో దాని పేరు టాక్‌బ్యాక్. ఐఫోనులో వాయిస్ ఓవర్. రెండూ 2009లోనే వచ్చాయి. విడిగా కొనవలసిన పని లేదు, సెట్టింగులలో మీట తిప్పితే చాలు. అప్పుడు తెరమీద వేలు ఎక్కడ ఆనితే అక్కడ ఏమున్నదో ఫోను చెబుతుంది. వేలు కుడివైపు విసిరితే తరువాతి అంశానికి పోతుంది. కావలసినది వినబడగానే రెండుసార్లు తట్టితే ఆ పని జరుగుతుంది. తెలుగు అక్షరాలు కనబడితే తెలుగులోనే చదువుతుంది. మామయ్య వారం రోజులలో దాన్ని వశపరచుకొన్నారు. "ఇదేమీ కొత్త విద్య కాదురా, చెవితో ఎడిటింగు చేయడమే" అన్నారు.

మరి అంతా సవ్యంగా ఉంటే ఆయన నాకెందుకు ఫోను చేసేవారు? అక్కడే ఉన్నది అసలు కథ.

మళ్లీ మూకీ తీశారేం?

నా దగ్గర ఇంటర్మీడియట్‌లో తెలుగు చదివిన అమ్మాయి ఒకతె ఇప్పుడు జూబిలీ హిల్సు 36వ నంబరు రోడ్డులో ఒక ఆఫీసులో యాప్‌లకు రూపకల్పన చేస్తున్నది. ఒకరోజు ఫోను చేసి, "మాస్టారూ! బిల్లులు కట్టే యాప్ ఒకటి చేశాం. దాన్ని తెలుగులో కూడా పెడుతున్నాం. మాటలు మీరొకసారి చూడాలి" అన్నది. శిష్యురాలు పిలిచాక గురువుకు గర్వం కలగకుండా ఉంటుందా? వెళ్లాను.

ఆ అమ్మాయి ఒక చిట్టా నా చేతికిచ్చింది. తెరమీద అక్షరాలలో కనిపించే మాటలన్నీ ఉన్నాయి. భూతద్దం బొమ్మ, గంట బొమ్మ, మూడు గీతల బొమ్మ వంటివాటికి ఎదురుగా ఏమీ లేదు.

"వీటి పేర్లేవమ్మా?" అన్నాను.

"అవి బొమ్మలు కదా మాస్టారూ, చూస్తే తెలిసిపోతుంది. పేరెందుకు?"

నేనేమీ వాదించలేదు. "సాయంత్రం నీకు తీరికైతే నాతో రా. ఫిలింనగర్ ఇక్కడికి దగ్గరే" అన్నాను.

మామయ్య కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. తమ ఫోనులో ఆ యాప్ తెరిచారు. వేలు కుడివైపు విసిరారు. "లేబుల్ లేని బటన్" అన్నది ఫోను. మరొకసారి విసిరారు. "లేబుల్ లేని బటన్." మరొకసారి. అదే పాట. ఏది బిల్లు కట్టేదో, ఏది ఖాతా మూసివేసేదో తెలిసే దారి లేదు. పేరులేని తలుపులు వరసగా ఉన్న నడవలో మనిషిని వదిలి, ఒక తలుపు వెనుక వంటిల్లూ, మరొక తలుపు వెనుక నుయ్యీ ఉన్నవని చెప్పినట్టున్నది.

మామయ్య నవ్వారు. "అమ్మాయ్! తెలుగు సినిమాకు మాట వచ్చి తొంభై ఏళ్లు దాటిపోయిందే! మీరేమిటి, మళ్లీ మూకీ తీశారు?"

ఆ పిల్ల నవ్వలేదు. తన ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టుకొని, తెరను నల్లగా మూసివేసి, తాను చేసిన యాప్‌లోనే బిల్లు కట్టబోయింది. పది నిమిషాలు తంటాలుపడి ఫోను కింద పెట్టింది. "తాతగారూ! ఈ యాప్ చేయడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. నేనే దీనిలో దారి తప్పాను" అన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగినట్టు నాకు అనిపించింది.

చెవిలో చెప్పే పేరు

బిడ్డ పుట్టిన కొద్దిరోజులకు బారసాల చేస్తాము. పళ్లెంలో బియ్యం పోసి అందులో పేరు రాస్తాము. ఆ పేరు బిడ్డ చెవిలో చెబుతాము. రాయడమూ, చెవిలో చెప్పడమూ రెండూ ఉంటేనే నామకరణం పూర్తి. యాప్‌లోని బటన్ సంగతీ అంతే. తెరమీది బొమ్మ కంటికి. దాని వెనుక రాసిపెట్టే మాట చెవికి. ఆ మాటను ప్రోగ్రాము రాసేవారు ఒక్క వరుసలో చేర్చవచ్చును. చేర్చకపోతే ఫోను మాత్రం ఏం చదువుతుంది?

అయితే ఏదో ఒక పేరు పెడితే చాలదు. మరునాటినుంచి ఆ అమ్మాయీ నేనూ కూర్చొని బారసాల మొదలుపెట్టాము. తెలుగు ఎమ్.ఏ. చదువుకు ఇటువంటి ఉపయోగం ఉంటుందని నా జన్మలో ఊహించలేదు సుమండీ.

మొదటి నియమం: పేరు ఆకారాన్ని కాక పనిని చెప్పాలి. 'భూతద్దం' అంటే ఎవరికేం తెలుస్తుంది? 'వెతకండి' అనాలి. గంట బొమ్మకు 'కొత్త కబుర్లు' అన్నాము.

రెండవది: పేరులో 'బటన్' అనే మాట చేర్చకూడదు. అది బటన్ అని ఫోను తానే చెబుతుంది. మనమూ చేరిస్తే 'వెతికే బటన్ బటన్' అని నత్తిగా వినబడుతుంది.

మూడవది: ఒకే పేరు పదిమందికి పెట్టకూడదు. పన్నెండు నెలల బిల్లుల పక్కనా 'వివరాలు' అని ఉన్నది. కళ్లున్నవారికి ఏది ఏ నెలదో తెలుస్తుంది. చెవికి 'వివరాలు, వివరాలు, వివరాలు' అని పన్నెండుసార్లు వినబడుతుంది. 'మే నెల బిల్లు వివరాలు' అంటే చిక్కు తీరిపోయింది.

నాలుగవది: అలంకారంకోసం పెట్టిన బొమ్మలకు నోరు కట్టివేయాలి. పువ్వులూ, తీగలూ, గీతలూ అన్నీ మాట్లాడితే అసలు మాట వినబడదు. కవిత్వంలోనూ ఇదే నియమం అని నా విద్యార్థులకు చెబుతూనే ఉంటాను.

ఇక తెలుగు సంగతి. చిట్టాలో 'సమర్పించు' అని ఉన్నది. "అమ్మాయీ, దేవుడికి కొబ్బరికాయ సమర్పిస్తాము. కరెంటు బిల్లు కడతాము" అన్నాను. 'కట్టండి' అని మార్చింది. 'నిష్క్రమించు' అనేది 'బయటికి' అయింది. డబ్బు వెళ్లకపోతే 'లావాదేవీ విఫలమైనది' అని తెర చెబుతుండేది. ఆ మాట వింటే మామయ్యకు గుండె దడ. డబ్బు పోయిందా, ఉన్నదా? 'బిల్లు కట్టడం జరగలేదు. మీ డబ్బు మీ ఖాతాలోనే ఉన్నది' అని రాశాము. అది నిజమని యాప్ సరిచూసుకొన్న తరువాతనే ఆ మాట వినిపించాలని కూడా ఆ అమ్మాయి ఏర్పాటు చేసింది.

చూశారా, చూపులేనివారికోసం సరిచేసిన మాట చూపున్నవారికీ సుఖంగానే ఉన్నది! మా ఇంట్లో మా అమ్మకు కళ్లు చక్కగా కనిపిస్తాయి. అయినా 'నిష్క్రమించు' చూసి ఆవిడ ఎన్నిసార్లు బెంబేలుపడిందో నాకు తెలుసు.

వేలికీ కంటికీ కొలతలు

పేర్లు పెట్టడానికి రెండు రోజులే పట్టింది. మిగతావి సరిచేయడానికి నెల దాటింది. ఆ నెలలో నేను నేర్చుకొన్న పాఠాలు కొన్ని చెబుతాను.

బటన్ ఎంత ఉండాలి? ఆండ్రాయిడ్‌వారు చెప్పిన కొలత ప్రకారం ఇంచుమించు 9 మిల్లీమీటర్ల చదరం. పెద్దవారి వేలు వణుకుతుంది. బస్సులో నిలబడ్డవారి చేయి ఊగుతుంది. చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లికి ఒక బొటనవేలే ఖాళీగా ఉంటుంది. చిన్న బటన్ వీరందరికీ శత్రువే.

రంగు ఎలా ఉండాలి? తెల్లని తెరమీద లేత బూడిదరంగు అక్షరాలు నాజూకుగానే ఉంటాయి. కాని శుక్లాలు ముదురుతున్న కంటికి అవి మంచులో కలిసిపోతాయి. వెబ్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంఘం మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1 చొప్పున వెలుగుల తేడా ఉండాలని నియమం పెట్టింది. ఈ నియమాలు 1999లో మొదలై, 2018లో ఫోనులకు పనికివచ్చేటట్టు విస్తరించి, 2023లో మళ్లీ సవరించబడినాయి. తప్పు జరిగినచోట ఎర్రరంగు పూసి ఊరుకోకూడదని కూడా వాటిలో ఉన్నది. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివారు మన మధ్య ఎందరో ఉన్నారు. 'ఫోను నంబరులో ఒక అంకె తక్కువైనది' అని మాటలలో చెప్పాలి.

అక్షరాన్ని రెండింతలు పెంచుకొన్నా తెర చెదరకూడదు. మన లిపికి ఇక్కడ ప్రత్యేకమైన బాధ ఒకటున్నది. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి గీసిన గడిలో తెలుగును కూర్చోబెడితే, కింద వత్తులూ పైన గుడులూ కత్తిరించుకుపోతాయి. 'స్త్రీ' అనే మాటకు కాళ్లు తెగిన సందర్భం నేను కళ్లారా చూశాను. తెలుగు వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి.

గడియారం సంగతి మరొకటి. ముప్పై సెకన్లలో అంకెలు కొట్టాలి, లేకపోతే మొదటికి రావాలి అంటే, విని, వెతికి, తట్టేవారికి అది చాలదు. ఇంకొంచెం వ్యవధి అడిగే వీలుండాలి. అలాగే 'మీరు మనిషే అని నిరూపించుకోండి, ఈ బొమ్మలలో బస్సులు ఏవో చూపండి' అని పరీక్ష పెడితే, చూడలేనివారు మనుషులు కారన్నమాటేనా? వినిపించే పరీక్షో, ఇంకొక దారో ఉండాలి.

"ఇదంతా మొదటే చేసి ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు మాస్టారూ! గోడకు సున్నం వేశాక కిటికీ పెట్టబోయినట్టున్నది" అన్నది ఆ అమ్మాయి. ఈ మాట మామయ్యకు చెబితే, "ఎడిటింగులో చూసుకొందాంలే అని తీసిన సీను ఎప్పుడూ అతుకుగానే కనిపిస్తుంది. ఆ సంగతి నన్నడిగితే చెప్పేవాడిని కానూ?" అన్నారు.

ఆదివారం శబ్దచిత్రం

సినిమావారి పేటలో ఉండి సినిమా మాట ఎత్తకపోతే బాగుండదు. 2020 ఉగాదికి తెలుగువారికే ప్రత్యేకించిన 'ఆహా' మొదలయినప్పటినుంచి సినిమా కూడా ఫోనులోని యాప్ అయిపోయింది. చూపులేనివారికి సినిమా ఏమిటంటారా? నా చిన్నతనంలో ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరి సినిమా 'వినేవాళ్లం'. ఎవరికీ ఏదీ కొరతగా తోచేది కాదు.

ఇప్పుడు దీనికే శాస్త్రీయమైన పద్ధతి వచ్చింది. ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. మనం శ్రవణ వర్ణన అనుకోవచ్చును. సంభాషణల నడుమ దొరికిన ఖాళీలలో తెరమీద జరిగేది ఒక గొంతు చెబుతుంది. థియేటరులో పక్కవారికి ఇబ్బంది కలగకుండా ఫోనులోని యాప్ ఈ పని చేస్తుంది. ఇంటివద్దనే వర్ణన ఫోనులోకి దింపుకొని వెళితే, హాలులో ఫోను తన మైకుతో సినిమా ధ్వని విని, కథ ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకొని, సరిగ్గా ఆ చోటినుంచి చెవిగొట్టంలో వర్ణన వినిపిస్తుంది. ఎక్స్ఎల్ సినిమా, మూవీబఫ్ యాక్సెస్ అనే యాప్‌లు మన దేశంలోనే తయారైనాయి.

ఒక ఆదివారం నేనే మామయ్యకు 'మిస్సమ్మ' వర్ణించబోయాను. మూడు నిమిషాలలో ఆయన నన్ను ఆపారు. "అబ్బాయ్, నువ్వు మాట మీద మాట పడేస్తున్నావు. డైలాగు అయ్యాక చిన్న ఊపిరి ఉంటుంది, అక్కడ చెప్పు. ఆవిడ బాధపడుతున్నదని నువ్వు చెప్పవద్దు. తల దించుకొన్నదని చెప్పు చాలు, బాధ నేను పడతాను" అన్నారు. ఎన్నో పుస్తకాలు చదివి నేను చెప్పే అలంకారశాస్త్రం ఆ ఒక్క మాటలో ఉన్నది. వృద్ధులైన ఎడిటర్లను, డబ్బింగు కళాకారులను ఇంతమందిని దగ్గర పెట్టుకొన్న ఫిలింనగర్‌కు ఈ విద్యలో దేశానికే బాట చూపగల శక్తి ఉన్నదని నాకప్పుడు తోచింది.

దయా? హక్కా?

ఇది ఎవరి దయమీదనో ఆధారపడిన విషయం కాదని చట్టమే చెబుతున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. వారిలో చూపు లోపమున్నవారు 50 లక్షల పైచిలుకు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాలు వీరందరికీ అందుబాటులో ఉండాలన్నది. కాని ఆ చట్టం కింద 2017లో చేసిన నియమాలు సలహాలుగానే మిగిలిపోయాయి. మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంవారి వికలాంగ అధ్యయన కేంద్రం ఈ స్థితిని పరిశీలించి సుప్రీంకోర్టుకు నివేదిక ఇచ్చింది. తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు చేయాలని 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెప్పింది.

2025 ఏప్రిల్ 30న వచ్చిన మరొక తీర్పు ఇంకా ముఖ్యమైనది. బ్యాంకు ఖాతా తెరవడానికి ఫోను ముందు కన్ను ఆర్పి చూపమనే పద్ధతి ఉన్నదికదా. యాసిడ్ దాడికి గురై రెప్పలు పోయినవారు ఎలా ఆర్పుతారు? చూపులేనివారు కెమెరా ఎక్కడున్నదో ఎలా తెలుసుకొంటారు? వారు కోర్టుకు వెళ్లారు. డిజిటల్ సదుపాయాలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని న్యాయమూర్తులు అన్నారు.

సినిమాకూ నియమాలు వచ్చాయి. ఒక హిందీ చిత్రం విషయమై చూపులేని ఒక న్యాయవిద్యార్థీ, మరికొందరూ వేసిన వ్యాజ్యంలో, ఇంటివద్ద చూసే ప్రతికి శ్రవణ వర్ణన చేర్చాలని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం థియేటర్లకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ఒకటికంటె ఎక్కువ భాషలలో సర్టిఫికెట్టు పొందే చిత్రాలకు 6 నెలలు, మిగిలినవాటికి 2 సంవత్సరాలు గడువు పెట్టింది.

చట్టం ఉంటే మంచిదే. కాని బటన్ వెనుక మాట రాసేది చట్టం కాదు, కుర్చీలో కూర్చొన్న ఒక పిల్లో పిల్లవాడో. ఇటలీలో 1808 ప్రాంతంలో పెలెగ్రినో తుర్రి అనే ఆయన, చూపుపోయిన తన స్నేహితురాలు ఉత్తరాలు తానే రాసుకోగలగాలని ఒక రాత యంత్రం చేసి ఇచ్చాడు. టైపు మిషను చరిత్రలో తొలి యంత్రాలలో అది ఒకటి. ఒక్కరి ఇబ్బందిని కనిపెట్టి చేసిన వస్తువు లోకానికంతటికీ పనికివచ్చే దారి తీసింది. మన రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసిన 'మణి' అనే యాప్ ఇటువంటిదే. నోటును ఫోను కెమెరా ముందు పెడితే అది ఎంత విలువగలదో చెబుతుంది. ఇంటర్నెట్టు కూడా అక్కరలేదు. మామయ్య కూరలబండి దగ్గర చిల్లర లెక్కచూసుకొనేది దానితోనే.

మీ ఇంట్లోనూ యాప్‌లు తయారుచేసే అబ్బాయో అమ్మాయో ఉండవచ్చును. ఈసారి పండుగకు వచ్చినప్పుడు ఒక్క పని చేయమనండి. తాను చేసిన యాప్‌ను తెర మూసివేసి ఒకసారి వాడమనండి. పక్కన తాతగారినో బామ్మగారినో కూర్చోబెట్టుకొని వాడించి చూస్తే మరీ మంచిది. ఏ పాఠ్యపుస్తకమూ అంత త్వరగా పాఠం చెప్పదు.

పదో తారీకు

పోయిన నెల పదో తారీకు వచ్చింది, వెళ్లింది. మామయ్య దగ్గరనుంచి ఫోను రాలేదు. పన్నెండో తారీకుకు నాకు కంగారు పుట్టింది. ఒంట్లో బాగాలేదేమోనని నేనే చేశాను.

"బాగానే ఉన్నానురా. ఏం?"

"కరెంటు బిల్లు..."

"తొమ్మిదో తారీకునే కట్టేశాను. 'కట్టండి' అన్నది, కట్టాను. రెండు నిమిషాలు పట్టింది" అన్నారు. ఆ గొంతులో చాలా ఏళ్లుగా నేను వినని బింకం ఒకటి వినిపించింది.

ఏమనాలో నాకు తోచలేదు. ఒక క్షణం ఇద్దరం ఊరుకొన్నాము. ఆ తరువాత ఆయనే అన్నారు:

"బిల్లు వంక ఇక లేదు. ఊరికే మాట్లాడటానికైనా చేస్తూ ఉండు."